లేచి నిలబడిన పదకొండు మంది

అమెరికా పిల్లలకు అమెరికా చరిత్ర చెప్పే ఉద్యోగం నాకు తిరుపతిలో దొరికింది. వింటే నవ్వొస్తుంది, నాకూ అప్పుడు నవ్వే వచ్చింది. రెండువేల దశకం నడిమి మాట ఇది. ఎయిర్ బైపాస్ రోడ్డులో కింద మందుల షాపు, పైన మా సెంటరు. ఇరవై కంప్యూటర్లు, ఇరవై హెడ్‌ఫోన్లు, గోడకు రెండు గడియారాలు. ఒకటి మా టైము, ఇంకొకటి వాళ్ళ టైము. అక్కడ వాళ్ళకు రాత్రి ఏడున్నర అయితే మాకు మర్నాడు పొద్దున ఆరు. బడి నుంచి ఇంటికొచ్చి, తిని, పుస్తకాలు ముందేసుకున్న పిల్లలకు మేము ఇంటర్నెట్‌లో ట్యూషన్ చెప్పేవాళ్ళం. నేను స్కూటీ మీద వచ్చే వేళకు కొండకు పోయే మొదటి బస్సులు నిండిపోయి ఉండేవి.

మా వాళ్ళంతా లెక్కలు చెప్పేవాళ్ళే. ఎమ్మే హిస్టరీ చదివిన మనిషిని నేనొక్కదాన్నే. అందుకే అక్కడి కంపెనీ ఒక కొత్త కోర్సు పంపినప్పుడు మా మేనేజరు ఇంకెవరి ముఖమూ చూడకుండా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నల్లజాతి ప్రజల చరిత్ర, జాతి వివక్షను గుర్తుపట్టడం, ఎదుర్కోవడం. ఆరు వారాలు, వారానికి రెండు క్లాసులు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు ఐదుగురు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. యూనివర్సిటీలో మొదటి ర్యాంకు వచ్చిన పొగరు ఇంకా దిగలేదు. ఇదెంత పని అనుకున్నాను.

పిల్లల ముఖాలు మాకు కనపడేవి కావు. గొంతులు వినపడతాయి, పేర్ల బదులు తెర మీద ఐదు గడులుంటాయి. పిల్లలు వచ్చి కూర్చుంటే గడిలో పచ్చ చుక్క వెలుగుతుంది. ఏదైనా అడగాలంటే బటన్ నొక్కితే గడిలో చిన్న చెయ్యి బొమ్మ లేస్తుంది. నా ముఖం మాత్రం తపాలా బిళ్ళంత బొమ్మగా వాళ్ళకు కనపడేది, అదీ ఆగి ఆగి.

మా సెంటర్లో ఒక పెద్దాయన ఉండేవారు. పలమనేరు దగ్గర ఒక పల్లెలో పుట్టి, జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై మూడేళ్ళు సోషల్ చెప్పి రిటైరైనారు. క్లాసులన్నీ రికార్డయ్యేవి. వాటిని విని ఎక్కడ తప్పు చెప్పామో, ఎక్కడ మాట మింగేశామో రాసి పెట్టడం ఆయన పని. ఆదివారం చర్చికి వేసుకునే ఇస్త్రీ చొక్కానే మిగతా ఆరు రోజులూ వేసుకున్నట్టుండేవారు. కీబోర్డు మీద ఒక్క వేలితో టైపు చేసేవారు. అందరం సారు అనేవాళ్ళం. వెనకాల మాత్రం "ఒంటి వేలు" అని నేనే పేరు పెట్టాను. నా నోరు అప్పట్లో అట్లాంటిది.

మొదటి క్లాసు రికార్డింగు విని ఆయన నా దగ్గరకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"బాగానే చెప్పినావు తల్లీ. అయితే ఓడ నించి ఎందుకు మొదలుపెట్టినావు?"

"బానిసల్ని ఓడల్లోనే కదా సార్ తెచ్చింది?"

"ఓడెక్కక ముందు వాళ్ళకి బతుకు లేదా? సంకెళ్ళతోనే పుట్టినారా వాళ్ళు? పదమూడేండ్ల బిడ్డ వింటా ఉండాది. మా వాళ్ళ కత సంకెళ్ళతో మొదలైంది అనుకోదా?"

నాకు ఒళ్ళు మండింది. కోర్సు పుస్తకంలో అట్లాగే ఉంది అన్నాను. "పుస్తకం యాడికీ పోదులే" అని ఆయన తన సంచిలోంచి అట్ట ఊడిన పాత పుస్తకం ఒకటి తీశారు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండగా అక్కడి లైబ్రరీ ఎత్తేస్తుంటే తెచ్చుకున్నదట. పడమటి ఆఫ్రికాలో తరతరాలుగా వరి పండించిన వాళ్ళ గురించి అందులో ఉంది. అమెరికాలో దక్షిణాది దొరలకు వరి సంగతి తెలియదు. మడి కట్టడం, నీళ్ళు పెట్టడం, వడ్లు దంచి చెరగడం, ఇదంతా తెలిసిన మనుషులను పట్టుకొచ్చి ఆ పొలాలు చేయించుకున్నారు.

"ఒంట్లో బలం కోసమే తెచ్చినారని అందరూ చెప్తారు. తలకాయలో ఉండే తెలివిని కూడా దొంగిలించినారని చెప్పు. మా అమ్మ కూలికి పోయి నాటేది. నారు ఎప్పుడు పెరకాలో చేనుగల్లాయనకు తెల్దు, మా యమ్మకు తెలుసు" అన్నారు.

రెండో క్లాసుకు ఆయన సంచిలో ఒక వెదురు చాట, కిలో దంచిన వడ్లు తెచ్చారు. మేనేజరు వద్దంటున్నా వినకుండా నా కెమెరా ముందు నిలబడి చెరిగారు. పొట్టు వెళ్ళి నాలుగు కీబోర్డుల మీద పడింది. లెక్కల వాళ్ళు తుమ్మడం మొదలుపెట్టారు. నేను తల పట్టుకుని కూర్చుంటే, ఐదో గడిలో చెయ్యి లేచింది.

ఆడపిల్ల గొంతు. అంతవరకు ఆ గడి నుంచి అవును, కాదు అనడమే తప్ప మాట రాలేదు. (ఇవన్నీ ఇంగ్లీషులో జరిగిన మాటలు. నాకు తెలుగులోనే గుర్తుండిపోయాయి.) "మా నాయనమ్మ ఇంట్లో గోడకు అట్లాంటి బుట్ట ఉంది. గడ్డితో అల్లింది. వాళ్ళ అమ్మమ్మదట. అది అందానికి పెట్టిందనుకున్నాను" అంది.

"అది పనిముట్టు" అన్నారు సారు. "మీ వాళ్ళ పనితనం."

ఇక ఆ అమ్మాయి ఆగలేదు. ఎట్లా పట్టుకోవాలి, గాలి ఏ వైపు నుంచి రావాలి, రాళ్ళు ఎటు పోతాయి, గింజ ఎటు పోతుంది. సారు తన ఇంగ్లీషు గురించి ఏ మాత్రం వెనకాడకుండా ఒక్కొక్కటీ చేసి చూపించారు. మాకు అమెరికా యాస నేర్పడానికి బెంగుళూరు నుంచి ఒక మనిషిని పిలిపించి మూడు వారాలు నాలుక తిప్పించారు. పలమనేరు యాసలో సారు చెప్పింది ఆ పిల్లకు ఒక్క ముక్క కూడా పోకుండా అర్థమైంది.

ఇంత చెప్పింది ఎందుకంటే, అట్లాంటి పిల్లను మూడో క్లాసులో నేను పోగొట్టుకున్నాను.

మూడో క్లాసు మొదలవగానే ఆ అమ్మాయి చెయ్యెత్తి, శనివారం నాయనమ్మ ఇంటికి వెళ్ళి ఆ బుట్టను గోడ మీద నుంచి దించామని, పెరట్లో నిలబడి బియ్యం చెరిగామని చెప్పింది. నాయనమ్మ ఏడ్చిందట. నాకు పట్టరాని సంతోషం కలిగింది. పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఇప్పుడు తెలిసింది, ఇట్లాంటి కుటుంబాల పిల్లలు ఇంకెవరెవరున్నారో తెలిస్తే వాళ్ళ ఇళ్ళ సంగతులూ రాబట్టవచ్చు అనుకున్నాను. అనుకుని, ఏ మాత్రం తడుముకోకుండా ఇట్లా అన్నాను:

"మీలో నల్లజాతి పిల్లలు ఎవరో చేతులెత్తండి. లెక్క పెట్టుకుంటాను."

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఐదో గడిలో చెయ్యి లేచింది. రెండు క్షణాలుండి దిగిపోయింది.

"ఒక్కరేనా? సరే, థాంక్యూ" అని నోటుబుక్కులో ఒకటి అంకె వేసుకుని పాఠంలోకి వెళ్ళిపోయాను. మిగతా గంటలో ఐదో గడి నుంచి ఒక్క మాట రాలేదు. నేనది గమనించను కూడా లేదు.

మర్నాడు వాళ్ళమ్మ నుంచి మెయిల్ వచ్చింది. తన కూతుర్ని నలుగురిలో వేరు చేసి చూపించారని, ఇక తను క్లాసుకు రానంటోందని, దాని మీద చర్చ అక్కర్లేదని నాలుగు లైన్లు. మేనేజరు అది ప్రింటు తీసి నా ముందు పెట్టి నిలబడ్డాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నేనేం తప్పన్నాను? నల్లజాతి చరిత్ర చెప్తూ నల్లజాతి పిల్లలెవరని అడగకూడదా? తిట్టానా, కొట్టానా?" అని ఎగిరాను. మేనేజరు పాపం నాతో వాదించలేదు. సెంటర్లో అన్ని ఫిర్యాదులకూ పంపే క్షమాపణ ఉత్తరం ఒకటుంది, కింద సంతకం పెట్టి పంపెయ్, రేపటి నుంచి నువ్వూ లెక్కల్లోకి వెళ్ళు, ఈ కోర్సు గొడవ మనకొద్దు అన్నాడు.

సారు అప్పటికి ఆ రికార్డింగు వింటున్నారు. నన్ను పిలిచి రెండో హెడ్‌ఫోను ఇచ్చారు. "ఈడ విను" అని ఆ చోటికి తెచ్చి పెట్టారు. నా గొంతే. చేతులెత్తండి, లెక్క పెట్టుకుంటాను. ఆ తర్వాత నిశ్శబ్దం. క్లాసులో అది క్షణం లాగా అనిపించింది. విడిగా వింటే ఎంతకీ తెగలేదు. ఆ నిశ్శబ్దంలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

"మీ బళ్ళో లేపేవాళ్ళా?" అన్నారు.

"ఎవర్ని సార్?"

"ఎస్సీ బిడ్డల్ని."

"ఆ, స్కాలర్‌షిప్పుల కోసం. ఏటా బడి తెరవగానే. ఎస్సీలు లేవండి అంటారు, లెక్క పెట్టుకుంటారు, కూర్చోమంటారు" అన్నాను. పొద్దున ప్రార్థన జరుగుతుంది, మధ్యాహ్నం గంట కొడతారు అని చెప్పినంత మామూలుగానే చెప్పాను. చెప్పాక నా మాట నాకే వినపడింది.

సారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి నాకిచ్చి చెప్పారు.

"నేను నాలుగో తరగతి. నేల మీద కూసునేవాళ్ళం కదా, లేస్తే మిగతా తలకాయలన్నీ కింద ఉంటాయి. ఏడు మందిమి నిలబడుకోనుండాము. అయ్యవారు యేలితో లెక్కబెట్టి, సరే కూసోండి అన్నాడు. అంతే. మాకు దుడ్లు ఇప్పించేదానికే లేపినాడు. మంచి చేసేదానికే. అందుకే ఎవురి మీద కోపం తెచ్చుకోవాల్నో తెలిసేది కాదు. ఆ మధ్యాన్నం గోలీలాటకి నన్ను పిలవలేదు. అంతకు ముందు దినం పిలిచినోళ్ళే."

కాఫీ తాగి మూత తిరిగిచ్చాను. తర్వాత అడిగాను, "మరి మీరు టీచరైనాక? మీరూ లెక్క పంపాల్సిందే కదా సార్?"

"పంపాల్సిందే. ఇండ్లకు పొయ్యేవాణ్ణి. సాయంత్రం ఫారాలు సంచిలో పెట్టుకోని, సైకిలేసుకోని. అమ్మానాయన్ల దగ్గిరే సంతకాలు, యేలిముద్రలు ఏయించుకునేవాణ్ణి. బళ్ళో దాని మాటే ఎత్తేవాణ్ణి కాదు."

"ప్రతి సంవత్సరమా?"

"బిడ్డలు ప్రతి సంవత్సరం వస్తారు కదమ్మా."

మిగతా టీచర్లు ఐదు నిమిషాల్లో ముగించే పని. ఈయన దానికోసం ముప్పై మూడేళ్ళు, ప్రతి జూన్ నెలా, వానలో బురదలో పల్లె పల్లెకూ తిరిగారు. ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. ఆయన బళ్ళో చదివిన పిల్లలకు ఇట్లాంటిదొకటి తమకు జరగలేదన్న సంగతి కూడా తెలియదు. నేను ఆయనకు ఒంటి వేలు అని పేరు పెట్టాను. ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత కూడా గొప్పవాళ్ళని పేరు పడ్డవాళ్ళను చూశాను గానీ, ఎవరి ముందూ నా తల అంతగా వంగలేదు.

"మీరు మాట్లాడండి సార్ ఆ అమ్మాయితో. మీ మాట వింటుంది" అన్నాను.

"నేను మాట్లాడితే అది నా కత అవుతాది. తప్పు నీది కదా? నువ్వే చెప్పు. ఆ అచ్చు క్షమాపణ మాత్రం పంపొద్దు."

మేనేజరు దగ్గరకు వెళ్ళి ఆయనే నిలబడ్డారు. ఆ పిల్ల తిరిగొస్తేనే ఈమె కోర్సు చెప్తుంది, రాకపోతే మీరన్నట్టే లెక్కల్లోకి పోతుంది, ఒక వారం టైమివ్వండి, అందాకా క్లాసు ఆపండి అన్నారు. వాళ్ళమ్మకు మెయిల్ కూడా ఆయనే ఒక్క వేలితో కొట్టారు. పది నిమిషాలు మీతో మాట్లాడాలి, వాదించడానికి కాదు, జరిగింది చెప్పడానికి. ఆ రోజంతా జవాబు లేదు. మర్నాడు, సరే అని ఒక్క మాట.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు ఆమె లైన్లోకి వచ్చింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, గొంతులో అలసట తెలుస్తోంది. నేను కాగితం మీద రాసుకున్నదంతా పక్కన పెట్టాను. మా బడి సంగతి చెప్పాను. మా దేశంలో నల్ల తెల్ల కాదు, పుట్టుకను బట్టి మనుషుల్ని విడదీస్తారని, నేను విడదీసే వైపు ఇంట్లో పుట్టానని, బడిలో కొందరు పిల్లల్ని లేపి లెక్క పెడితే అది తప్పని నాకెప్పుడూ తోచలేదని, అదే అలవాటు మీ అమ్మాయి మీద ప్రయోగించానని చెప్పాను. క్షమించమన్నాను.

"తప్పని మీకెప్పుడు తెలిసింది?" అంది ఆమె.

"రెండు రోజుల క్రితం."

"కనీసం అబద్ధం చెప్పలేదు" అంది. "నా కూతురు ఇక్కడే వింటోంది. రావాలో వద్దో తనే చెప్తుంది."

పదమూడేళ్ళ పిల్ల, నేను దాని చేతిలో ఉన్నాను. సారు పక్కన రెండో హెడ్‌ఫోను పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటున్నారు.

"మీ బడిలో వాళ్ళు లేచి నిలబడినప్పుడు మీరెక్కడున్నారు?" అంది ఆ అమ్మాయి.

"కూర్చునే ఉన్నాను."

"కూర్చుని ఏం చేశారు?"

ఏమీ చెయ్యలేదు అని చెప్పవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. సారుకు కూడా నేనది చెప్పలేదు. "నేను క్లాసు లీడర్ని. ఏడో తరగతిలో లెక్క పెట్టింది నేనే. చీటీ మీద అంకె రాసి హెడ్మాస్టరు గదికి తీసుకుపోయేదాన్ని" అన్నాను.

సారు కళ్ళు తెరవలేదు.

"ఎంతమంది?"

"పదకొండు మంది."

"వాళ్ళ పేర్లు?"

నేను వెతుక్కున్నాను. ముఖాలు లీలగా వచ్చాయి. ఒకడు ఎడమ చేత్తో రాసేవాడు. ఒక పిల్ల జడకు చింపిన గుడ్డ కట్టుకునేది. నలుగురి పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. "గుర్తు లేవు" అన్నాను.

"అంకె గుర్తుంది" అంది ఆ అమ్మాయి.

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"పేర్లు తెలుసుకోండి. తెలుసుకుంటే మంగళవారం వస్తాను" అని లైను పెట్టేసింది.

ఆదివారం పొద్దున్నే చిత్తూరు బస్సెక్కి, అక్కడ పలమనేరు బస్సు మారి, దోవలో మా ఊళ్ళో దిగాను. మా ఇంటికి పోలేదు, నేరుగా బడికి పోయాను. ఆదివారమని తాళం. పక్కింట్లో ఉండే అటెండరు, పాత రిజిస్టర్లు చెదలు తిన్నాయని చెప్పాడు. ఇక మిగిలింది హరిజనవాడ. బడి నుంచి పది నిమిషాల నడక. ఆ ఊళ్ళో పుట్టి, పదహారేళ్ళు పెరిగి, ఒక్కసారి కూడా అటు అడుగు పెట్టలేదు నేను. దోవ అడగాల్సి వచ్చింది.

వాడ మొదట్లోనే పాల కేంద్రం ఉంది. క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకామె నన్ను ముందు గుర్తుపట్టింది. జడకు గుడ్డ కట్టుకునే పిల్ల. ఇప్పుడు రెండు ఆవులు, ఇద్దరు బిడ్డలు.

"ఏం మ్మా, నువ్వా! ఈ పక్కకి యాడొస్తివి?"

ఇంటికి తీసుకుపోయి మంచమేసింది. నేను వచ్చిన పని చెప్పాను. ఏడో తరగతిలో ఎస్సీలు లేవండి అన్నప్పుడు లేచిన వాళ్ళ పేర్లు కావాలన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. "ఇన్నేండ్లకా? ఇండ్ల పట్టాలేమన్నా ఇస్తా ఉండారా?"

కాదని, అమెరికాలో ఒక నల్లజాతి పిల్ల అడిగిందని చెప్పాను.

"ఆ పాపకెందుకు మా పేర్లు? ఆడ కూడా లేపతారా బిడ్డల్ని?"

"నేనే లేపినాను" అన్నాను. సొంతూరికి పోతే నా మాట కూడా మా ఊరి యాసలోకి దిగిపోతుంది.

ఆమె నోరు తెరిచి నన్నే చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. "ఆడికి పొయ్యి కూడా లెక్క పెట్టినావా! నువ్వేం మారలేదు పో!"

నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుని, వేళ్ళ కణుపుల మీద పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకడు మిలిట్రీలో ఉన్నాడు. ఇద్దరు బెంగుళూరులో సెంట్రింగు పనిలో ఉన్నారు. ఒకామె తడ దగ్గర ఫ్యాక్టరీలో. ఎడమ చేత్తో రాసేవాడు పోయిన సంవత్సరం జాండిస్‌తో చనిపోయాడు. ఒక్కొక్కరి పేరూ, ఇంటి పేరుతో సహా. ఎక్కడా తడుముకోలేదు. పది అయ్యాక ఆగింది.

"పదకొండోది నేను" అంది. "రాసుకో."

నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆమె కాసేపు చూసింది. "తెల్దా?" అంది. ముఖంలో నవ్వు ఉంది, ఎక్కడికీ పోలేదు. "ఇంటికొచ్చి మంచమ్మీద కూసున్నావు కదమ్మా" అని, తన పేరు చెప్పింది. అది రాసుకున్నాను. పొయ్యి మీద పాలు కాచి, చక్కెర వేసి గ్లాసులో పోసి ఇచ్చింది. తాగాను. ఇంకేం మాట్లాడుకున్నామో గుర్తు లేదు. వచ్చేటప్పుడు వాకిలిదాకా వచ్చి, "ఆ అమెరికా పాప ఎవురో గానీ, కడుపు సల్లగుండ" అంది.

సాయంత్రం ఇంటికి పోతే మా నాయన అప్పటికే విన్నాడు. ఎందుకు పోయావని అడగలేదు. కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మన్నాడు. నేను కడుక్కోకుండానే పోయాను.

మంగళవారం పొద్దున ఆరుకు నాలుగు గడుల్లో పచ్చ చుక్కలు వెలిగాయి. ఐదోది వెలగలేదు. మేనేజరు తలుపు దగ్గర నిలబడి గడియారం చూస్తున్నాడు. సారు నా పక్కన కూర్చుని చొక్కా చేతులు సర్దుకుంటున్నారు. ఆరూ నాలుగు నిమిషాలకు ఐదో గడి వెలిగింది.

పేర్లు నీకు విడిగా చెప్పనా, అందరి ముందూ చెప్పనా అని అడిగాను. "అందరి ముందూ అడిగారు కదా, అందరి ముందే చెప్పండి" అంది.

పోయిన క్లాసులో నేను చేసిన తప్పేమిటో మిగతా నలుగురికీ చెప్పాను. మా బడి సంగతి చెప్పాను. లెక్క పెట్టింది నేనేనని చెప్పాను. నోటుబుక్కు తెరిచి ఒక్కొక్క పేరే చదివాను. ఆ పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్ళనడిగి రాయాల్సినవి అవి. ప్రతి పేరూ ఆ అమ్మాయి తిరిగి పలికింది. నోరు తిరక్కపోతే మళ్ళీ చెప్పమంది, వచ్చేదాకా వదల్లేదు. నాలుగో పేరు నుంచి మిగతా నలుగురు పిల్లలు కూడా పలకడం మొదలుపెట్టారు. లెక్కల వాళ్ళు కొందరు హెడ్‌ఫోన్లు తీసి మా వైపు తిరిగారు. సారు పెదాలు కూడా కదులుతున్నాయి.

పదకొండో పేరు దగ్గర ఆగి నిజం చెప్పాను. ఈ మనిషి ఇంట్లో కూర్చుని, ఈ మనిషి పేరు ఈ మనిషినే అడగాల్సి వచ్చిందని.

"ఆమెకు కోపం వచ్చిందా?" అంది ఆ అమ్మాయి.

"నవ్వింది. పాలు కాచి ఇచ్చింది."

"నేనడిగింది అది కాదు."

"తెలియదు. నేను అడగలేదు" అన్నాను.

"అయితే మళ్ళీ వెళ్ళి అడగండి" అంది ఆ అమ్మాయి, తన నోటుబుక్కులో ఏదో రాసుకుంటూ. కాగితం మీద పెన్సిలు చప్పుడు నా చెవుల్లో వినపడింది. "అడిగి నాకు చెప్పండి. ఇప్పుడు పాఠం మొదలుపెట్టండి, టీచర్."